నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఓ పొద్దున ఉన్నట్టుండి ఎడమ చెవి వినపడలేదు. తల తిరిగి వాంతి అయింది. ఈఎన్‌టీ క్లినిక్‌కు తీసుకెళ్తే గులిమి అని చుక్కల మందు రాసి పంపేశారు. మర్నాడు మూతి వంకర పోతే పెద్దాసుపత్రిలో చేర్చాం. ఎంఆర్ఐలో చిన్నమెదడుకు స్ట్రోక్ అని తేలింది. ఇప్పటికీ పట్టుకోనిదే నడవలేరు. మా లాయరు నోటీసుకు డాక్టరు జవాబివ్వలేదు. వచ్చే నెల 9కి రెండేళ్లు నిండుతాయి. క్లినిక్ చీటీ పోయింది. తెలిసిన డాక్టరొకరు పాత తేదీతో రాసిస్తానంటున్నారు. కేసు నిలుస్తుందా?
- ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: తల తిరుగుతోందని, వాంతి అయిందని ఆ పొద్దున డాక్టరుకు చెప్పారా? కేసు తేలేది దీని మీదే. మీ ఉత్తరంలో ఆ ఒక్క మాటే లేదు.

చెవి ఒక్కటే హఠాత్తుగా వినపడకపోతే అది చాలావరకు లోపలి చెవి జబ్బే. స్ట్రోక్ అనుకోలేదని డాక్టరును తప్పుపట్టలేం. తల తిరగడం, తూలడం తోడైతే లెక్క మారుతుంది. చిన్నమెదడుకు వెళ్లే ఒక రక్తనాళం నుంచే సాధారణంగా లోపలి చెవికీ రక్తం అందుతుంది. అది మూసుకుంటే మూతి వంకర పోకముందే చెవి పోవచ్చు. షుగర్, బీపీ ఉన్న మనిషిని ఆ లక్షణాలతో చూసి కూడా న్యూరాలజిస్టు దగ్గరికి పంపలేదన్నదే మీ వాదన కావాలి.

దానికి అవతలి లాయరు ఏమంటారో ఇప్పుడే చెబుతాను. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. నిద్ర లేచేసరికే చెవి పోయి ఉంటే ఆ సమయం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు, పంపినా ఫలితం మారేది కాదంటారు. అందుకే లేచేసరికే వినపడలేదా, లేచి తిరుగుతుండగా పోయిందా అన్నది ఇంట్లో అందరినీ అడిగి రాసిపెట్టుకోండి.

మీకున్న గట్టి సాక్ష్యం పెద్దాసుపత్రి కేస్ షీటు. క్యాజువాలిటీ డాక్టరు మొదటి పేజీలో 'నిన్న పొద్దుటి నుంచి చెవి వినపడటం లేదు, తల తిరుగుతోంది' అని రాసి ఉంటే, కేసు ఆలోచనే లేని రోజున రాసిన మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ. 'ఈ సాయంత్రం నుంచి తల తిరుగుడు' అని ఉంటే మాత్రం మీ కేసు అక్కడికక్కడే పడిపోతుంది. ఇన్‌పేషెంటు రికార్డు మూడేళ్లు భద్రపరచాలి, రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని వైద్య మండలి 2002 నిబంధనలున్నాయి. రేపే అడగండి. క్లినిక్ ఫీజు ఫోన్‌పేలో కట్టారా? మందుల షాపు బిల్లు, ఆ పొద్దున బంధువులకు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఉన్నాయా? అవీ తీయండి.

పాత తేదీ చీటీ జోలికి వెళ్లకండి. మీరు కేసు వేసే వినియోగదారుల కమిషన్ విచారణ కూడా న్యాయవిచారణే. దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల వరకు జైలు. చీటీ పోయిందని అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి, కేసేమీ మునిగిపోదు.

ఇక గడువు. వినియోగదారుల చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. నోటీసుతో అది ఒక్క రోజు కూడా పెరగదు. జవాబు కోసం ఇన్నాళ్లు కూర్చోవడం నిర్లక్ష్యమే. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, 'జవాబు రాలేదు' అన్న కారణానికి మన్నిస్తారని నేను పందెం కట్టను.

నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ అక్కర్లేదని 2010లో వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసు. మీది అంత తేటతెల్లం కాదు, న్యూరాలజిస్టుతో రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి.

ఫిర్యాదు మీ పేరుతో కాదు, నాన్నగారి పేరుతో మీ జిల్లా కమిషన్‌లో వేయండి. వినియోగదారుల కమిషన్ల వెబ్‌సైటు ఇ-జాగృతిలో ఆన్‌లైన్‌గానూ వేయవచ్చు. క్లినిక్‌కు కట్టింది అయిదు లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. కేస్ షీటు ఈలోగా చేతికి రాకపోయినా 9 లోపు ఫిర్యాదు పడాలి. ఆసుపత్రి నుంచి దాన్ని తెప్పించమని అందులోనే ఒక దరఖాస్తు జత చేయండి.