కొట్టు తాళాలు తీసుకునే ముందు

బుజ్జీ,

నిన్న మీ చిన్నాన్న ఫోన్ చేసి, "బట్టల కొట్టు బుజ్జికే అప్పజెబుతున్నాను వదినా, దసరా నుంచి తనే కూర్చుంటుంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. రాత్రయ్యేసరికి మాత్రం నిద్ర పట్టలేదు. మొన్న బరంపురం వచ్చినప్పుడు నువ్వు చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తెలిసినవాళ్ళ పేరే నోటిదాకా వచ్చి ఆగిపోతోందన్నావు. తెలుగులో అనాల్సింది ఒడియాలో వచ్చేస్తోందన్నావు. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానా అని నిలబడిపోతున్నానన్నావు. పైగా డాక్టరమ్మ నీకు హార్మోన్ మాత్రలు వద్దందన్నావు. ఫోన్లో చెబితే అన్నిటికీ ఊఁ కొడతావు, పెట్టేశాక సగం మరిచిపోతావు. కాగితమైతే గల్లాపెట్టెలో పడుంటుంది.

ముందు నీ భయం సంగతి. "నాకు మతి పోతోందేమో పిన్నీ" అన్నావు చూడు, ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. మతి పోయేవాళ్ళ సంగతి మామూలుగా ముందు ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది, ఆ మనిషికి తెలియదు. నీ దగ్గర అంతా తలకిందులు. నీకొక్కదానికే తెలుస్తోంది, మీ ఆయన ఇంకా కనిపెట్టనే లేదు. 47 ఏళ్ళకి, ముట్లు తప్పుతూ, ఆవిర్లు కమ్ముతూ ఉన్న రోజుల్లో తల ఇలా మబ్బు పట్టినట్టుండడం చాలామందికి ఉండేదే. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ గర్భసంచికి ఒక్కదానికే కాదు, జ్ఞాపకాల పని చూసే మెదడు భాగాలకీ కావాలి. అది ఓ నెల పెరిగి, ఓ నెల పడిపోతూ దిగుతుంటుంది. అలవాటు పడేదాకా మెదడు తడబడుతుంది. పేర్లూ మాటలూ ముందు జారతాయి. 1996లో అమెరికాలో మొదలుపెట్టి, వేలమంది ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన స్వాన్ అనే అధ్యయనం ఉంది. ముట్లు ఆగబోయే దశలో కొత్త విషయం పట్టుబడడం నెమ్మదించిందనీ, పూర్తిగా ఆగాక మళ్ళీ పుంజుకుందనీ అందులో తేలింది. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఆగినట్టు లెక్క. నువ్వింకా దారి మధ్యలో ఉన్నావు. నీకు ఇబ్బందిగా ఉండే రోజుల్లోనే కొట్టు చేతికొస్తోంది. నా టెన్షన్ అదే.

హార్మోన్ మాత్రలు నేనూ వేసుకోలేదు. నాకు 48 ఏళ్ళప్పుడు, 2002లో, అమెరికాలో ఓ పెద్ద ప్రయోగాన్ని మధ్యలో ఆపేశారు. రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సరు, పక్షవాతం, రక్తం గడ్డలు ఎక్కువ కనిపించాయని. మా ఆసుపత్రిలో ఆ వారమంతా అదే మాట. అప్పటిదాకా రాసిన డాక్టర్లే చేయి వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రయోగంలో ఉన్నవాళ్ళ సగటు వయసు 63 అనీ, 60 లోపు మొదలుపెట్టేవాళ్ళకి ప్రమాదం అంత ఉండదనీ తర్వాత విడమరిచారు. కాబట్టి ఆ మాత్రలు విషమని ఎక్కడా చెప్పకు, ఎవరికైనా డాక్టరు రాస్తే అడ్డుపడకు. నీ సంగతి వేరు. రెండో కాన్పప్పుడు కాలి సిరలో రక్తం గడ్డకట్టి నువ్వు పడ్డ బాధ నా కళ్ళారా చూశాను. నీ డాక్టరమ్మ వద్దన్నది అందుకే, ఆ మాట మీద ఉండు.

ఇక పరీక్షలు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, సుగరు, బీపీ. మబ్బుకి వయసొక్కటే కారణం కాకపోవచ్చు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, బి12 లేకపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది, పైగా వాటికి మందుంది. నువ్వు మాంసం మానేసి చాలా కాలమైంది కదా, బి12 తప్పకుండా చూపించు. థైరాయిడ్ గురించి ఇంకొంచెం గట్టిగా చెబుతున్నాను, మీ అమ్మ మూలంగా.

మీ అమ్మ సంగతి నీకు సగమే తెలుసు. నాన్న పోయాక అమ్మ కొట్టు నడిపిందనీ, మోకాళ్ళ నొప్పులొచ్చి చిన్నాన్నకి అప్పజెప్పిందనీ. మోకాళ్ళకేం లేదు. అప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. గుమ్మ నుంచి, సెరంగో నుంచి సవర వాళ్ళు కొండ దిగి గుడ్డలకి వస్తే, మనిషి గుమ్మం ఎక్కకముందే ఏ ఊరో, తండ్రెవరో, పోయినేడాది అరువెంతో అక్క నోటి మీద ఉండేది. వాళ్ళ భాషలోనే పలకరించేది. రోజు లెక్క రాసే చిట్టా, పేరుపేరునా ఖాతాలు రాసే ఆవర్జా రెండూ తన చేతి రాతే. అలాంటి మనిషికి నీ వయసులోనే పేర్లు తప్పడం మొదలైంది. ఓసారి ఒక ముసలాయన పంట డబ్బు తెచ్చి బాకీ తీర్చేశాడు. అక్క తీసుకుంది, రాయలేదు. మళ్ళీ వచ్చినప్పుడు బాకీ ఉందని గట్టిగా అడిగింది. ఇచ్చానమ్మా అని ఆయన నెమ్మదిగా అన్నాడట. నలుగురి ముందూ మాట పెరిగింది. ఆ రాత్రి బీరువాలో చీరల కింద ఆ డబ్బు రుమాలుతో సహా దొరికింది.

మర్నాడు మనిషిని పంపి ఆయన్ని పిలిపించి క్షమాపణ చెప్పుకుంది. అక్కడితో ఆగితే సరిపోయేది. సిగ్గుతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. రాత్రుళ్ళు ఒళ్ళంతా చెమటలు పట్టి మెలకువ వచ్చేస్తోంది, నిద్ర లేకే ఇలా అవుతోందనుకుంది. అనుకున్నది నిజమే. దానికి చేసిందే తప్పు. డాక్టరుకి చూపించకుండా మందుల షాపులో నిద్రమాత్ర కొని వేసుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో వారానికి ఒకటి రెండు, తర్వాత రోజూ. నిద్ర పట్టేది, పొద్దున్న పది దాటినా మత్తు వదిలేది కాదు. మబ్బుకి మందనుకుని మబ్బునే పెంచుకుంది. ఓ రోజు పెళ్ళివాళ్ళ తాను తప్పు గుర్తు దగ్గర కత్తిరించేసింది. ఇంకో రోజు కొట్టుకి తాళం వెయ్యకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. పనివాళ్ళు నవ్వడం తన చెవిన పడింది. ఆ నెలాఖరుకి తాళాలు తనంతట తనే మీ చిన్నాన్న చేతిలో పెట్టేసింది. ఆయన లాక్కున్నాడని ఊళ్ళో కొందరంటారు. అది అబద్ధం. రోజూ సాయంత్రం వచ్చి చిట్టా చూడు వదినా అని అడిగేవాడు, ఈవిడే వెళ్ళేది కాదు.

కంటి ఆపరేషన్‌కని నా దగ్గరికి వచ్చినప్పుడు గానీ అసలు సంగతి బయటపడలేదు. రక్తం పరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా మందగించి ఉంది. సంచిలో నిద్రమాత్రల రేకులు కనిపించాయి. వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ మానిపించాం. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసుకునేది, కాఫీ మాత్రం ఆ తర్వాతే తాగేది. ఏడాది తిరిగేసరికి నా పెళ్ళికి ఎవరెవరు ఏం చదివించారో వరసపెట్టి చెప్పేది. కొట్టుకి మళ్ళీ వెళ్ళమంటే, ఇంకెందుకులేవే అనేసింది. పోయేదాకా ఆ వీధిలోంచి నడవకుండా చుట్టు తిరిగి బజారుకి వెళ్ళేది. నాకు ఆ తాళాల మీద ఎంత కోపమో నీకు చెప్పలేను. ఇప్పుడు అవి నీ చేతికొస్తున్నాయంటే నవ్వొచ్చింది అందుకే.

కాబట్టి దాచకు తల్లీ. చిన్నాన్నకి చెప్పు, మీ ఆయనకి చెప్పు, కొట్టులో పాతకాపు గుమస్తాకి కూడా చెప్పు. "ఈ మధ్య నాకు పేర్లు తట్టడం లేదు, అందిస్తూ ఉండండి" అంటే చాలు. నవ్వేవాడు ఒక రోజు నవ్వుతాడు. ఖాతాదారులతో కూడా "ఏ ఊరు నాయనా మనది" అని అడిగేసెయ్. వాళ్ళకి అడగడమే ఇష్టం.

డబ్బు చేతికి రాగానే రాత ముందు, మాట తర్వాత. అరువైతే పుస్తకంలో పడ్డాకే గుడ్డ బల్ల దాటాలి. కత్తెర పెట్టే ముందు కొలత పైకి చెప్పు, ఎదుటివాళ్ళు అవునన్నాకే కత్తిరించు. బిల్లు వేస్తూ ఫోన్ ఎత్తకు. ఈ దశలో రెండు పనులు కలిపితే రెండూ చెడతాయి. జీఎస్టీ లెక్కలు, సరుకు ఆర్డర్లు పొద్దున్న తల తేటగా ఉన్నప్పుడు పెట్టుకో. మధ్యాహ్నం రేకుల కింద ఉడికిపోతూ లెక్కలు చూడొద్దు. తాళాలకి, కళ్ళజోడుకి ఒకటే మేకు. నోటికి రాని మాట కోసం అక్కడే తన్నుకోకు, వేరే మాటతో దాటెయ్యి, అదే వస్తుంది.

అన్నిటికంటే నిద్ర. రాత్రి ఆవిర్లతో మూడుసార్లు లేచినవాళ్ళకి పగలు బుర్ర పనిచెయ్యమంటే ఎక్కడ చేస్తుంది? నూలు దుప్పట్లు రెండు పలచనివి వేసుకో, తియ్యడానికి వీలుగా ఉంటుంది. ఫ్యాన్ నీ వైపు తిప్పుకో, మీ ఆయన గునిస్తే ఇంకో గదిలో పడుకోమను. మధ్యాహ్నం దాటాక టీ వద్దు. ఎంత ఆలస్యంగా పడుకున్నా రోజూ ఒకే టైముకి లే. 20 నిమిషాలైనా పట్టకపోతే మంచం మీద దొర్లకు, లేచి వసారాలో కూర్చో, నిద్ర ముంచుకొచ్చాకే వెళ్ళు. గడియారం చూడకు. ఇది ఏదో అమ్మమ్మ చిట్కా కాదు, నిద్రలేమికి కౌన్సెలింగ్ చేసేవాళ్ళు నేర్పే పద్ధతే. దానికీ లొంగక ఆవిర్లు మరీ పీడిస్తే, హార్మోన్ కాని మందులూ ఉన్నాయి. డిప్రెషన్‌కి ఇచ్చే కొన్నిటిని తక్కువ మోతాదులో వీటికీ వాడతారు. డాక్టరమ్మని అడుగు. షాపువాణ్ణి కాదు! జలుబుకి వేసుకునే మత్తు మాత్రలు కూడా తలని మందం చేస్తాయి, రోజూ మింగకు.

నడక నీకు రెండు విధాల అవసరం. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమంటారు, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున. మహేంద్రతనయ ఒడ్డుకి పొద్దున్నే వెళ్ళిపో. దాంతో నిద్రా బాగుపడుతుంది, కాలూ కదులుతుంది. గల్లా దగ్గర గంటల తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చున్నావని తెలిస్తే నేనే బస్సెక్కి వస్తాను. గంటకోసారి లేచి ఏదో ఒక తాను సర్దు. ఒక కాలే వాచినా, పిక్కలో నొప్పి, వేడి అనిపించినా ఆ రోజే ఆసుపత్రికి. ఆయాసం, గుండెలో పోటు వస్తే ఆ గంటే. క్రిస్మస్ బేరం ముగిశాక చూద్దాం అనకు. ఆ నెలలో నువ్వు అలాగే అంటావని నాకు తెలుసు.

తిండి సంగతి నీకు చెప్పేదేముంది, చోడి అంబలి, పప్పు, ఆకుకూర. సోయా తింటే తిను, బిళ్ళలుగా అమ్మేవి మాత్రం వద్దు. జాతరల్లో ఆడవాళ్ళ పొడులని అమ్మే డబ్బాలు అసలే వద్దు. వాటిల్లో ఏం కలుపుతారో అమ్మేవాడికే తెలియదు, నీ రక్తానికి అది అసలు పనికిరాదు.

ఇంకొకటి రాయక తప్పదు. ఇంటి దారే తప్పినా, రోజూ వేసే బిల్లు ఎలా వెయ్యాలో తెలియకపోయినా, నీకంటే ముందు పక్కవాళ్ళే తేడా కనిపెడుతున్నా, అప్పుడు ఇది వయసు మబ్బు అని సరిపెట్టుకోకూడదు. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా నిమిషం ఆగకూడదు. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ ఎర్రగా కనిపిస్తే అదీ చూపించుకోవాలి. రాస్తుంటే నాకే చేయి వణుకుతోంది, నీకేం అవుతుందని కాదు, మీ అమ్మ కూడా నాకేం చెప్పకుండా దాటేసింది కాబట్టి.

పరీక్షల కాగితాలు వచ్చిన రోజే ఫొటో తీసి పంపు, నీకు నువ్వే చూసుకుని బాగానే ఉందని తేల్చెయ్యకు. డిసెంబరు సరుకుకి ఆర్డరు పెట్టేటప్పుడు మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకో, ఒకరు చదివితే ఒకరు రాయండి. నాకు నాలుగు మీటర్ల తెల్ల మల్లు గుడ్డ పక్కన పెట్టు, దసరాకి వచ్చి తీసుకుంటాను. డబ్బు అప్పుడే ఇస్తాను. వద్దనకుండా తీసుకుని, చిట్టాలో రాసుకో.

మీ పిన్ని
బరంపురం