తెలిసిన పేరే సమయానికి నోటికి ఎందుకు రాదు?

తరచూ చూసే మనిషి బయట ఎదురైతే పేరు గుర్తురావడం లేదు, ఇంటికొచ్చాక మాత్రం ఠక్కున గుర్తొస్తోంది, ఇది జబ్బేమో అని మీరు అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి నాకలా అనిపించడం లేదు. తిరుపతిలో పన్నెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను, నాకూ ఇది జరిగింది.

పోయినేడు అలిపిరి మెట్లెక్కుతుంటే గాలిగోపురం దగ్గర ఒకాయన "ఏమన్నా, బాగుండావా?" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. దర్శనం చేసుకుని దిగుతున్నాడు. గుండు మీద చందనం ఎండి పెచ్చులు కట్టింది. ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది, పేరు మాత్రం ఊహూఁ. "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని నెట్టుకొచ్చాను కానీ ఆయన కనిపెట్టేశాడు. "మా నాయన షుగరు మాత్రలకి నెలనెలా వస్తా గదన్నా!" అన్నాడు. అంతే. పేరు, ఆయన నాలుగు మడతలు పెట్టి తెచ్చే మందుల చీటీ, రావలసిన నూట నలభై రూపాయల బాకీతో సహా అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. (కొండ దారిలో బాకీ మాటెందుకని నేనేమీ అనలేదు.)

అంటే పేరు చెరిగిపోలేదు. నా బుర్రలో అది కౌంటరుకీ, ఆ చీటీకీ, ఆయన ఒత్తయిన జుట్టుకీ ముడిపడి ఉంది. మెట్ల మీద ఆ మూడూ లేవు.

ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పర్ల్‌స్టోన్‌తో కలిసి 1966లో దీన్నే చూపించాడు. విద్యార్థులకు విభాగాల వారీగా పదాలు వినిపించి, తర్వాత గుర్తున్నవి రాయమన్నారు. విభాగాల పేర్లు ఇచ్చినవాళ్ళు ఎక్కువ రాశారు. ఇవ్వనివాళ్ళకి తర్వాత ఆ పేర్లు అందిస్తే, మర్చిపోయామనుకున్న పదాలు కూడా బయటికొచ్చాయి.

నీళ్ళలో నేర్చుకున్న పదాలు నీళ్ళలోనే బాగా గుర్తొస్తాయని 1975లో గజఈతగాళ్ళతో చేసిన ప్రయోగం ఇంకా ప్రసిద్ధి. కానీ 2021లో దాన్నే మళ్ళీ చేస్తే ఆ తేడా కనబడలేదు. అందుకే చోటు ఒక్కటే అంతా అనుకోను, సరైన ఆనవాలు దొరకడమే ముఖ్యం.

ఈసారి పేరు తట్టకపోతే పేరు కోసమే తన్నుకోకండి. ఆ మనిషిని మామూలుగా ఎక్కడ చూస్తారు, చేతిలో ఏముంటుంది, ఏం మాట్లాడతారు అని తలుచుకోండి. నేనైతే లోపలి గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానో మర్చిపోతే, కౌంటరు దగ్గరికే తిరిగొస్తాను. చీటీ కనబడగానే పని గుర్తొస్తుంది.

ఎవరైనా ఆనవాలు చెప్పినా తరచూ గుర్తురాకపోయినా, రోజూ తిరిగే వీధిలోనే దారి తప్పుతున్నా అది వేరే సంగతి. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.