సుడోకులో ఊహించి అంకె వేయొద్దు

తమ్ముడూ, ఒకే అడ్డువరుసలో రెండు గడులకి 3, 8 మాత్రమే పడుతున్నాయి, ఏదో ఒకటి ఊహించి వేస్తే చివర్లో తేడా కొడుతోంది అన్నావు. ఊహించే పనే లేదు. ఏది ఎందులోకి పోతుందో తెలియకపోయినా ఆ రెండంకెలూ ఆ రెండు గడులవే. కాబట్టి ఆ వరుసలో మిగతా గడుల్లోంచి 3, 8 కొట్టేయ్. రెండూ ఒకే 3×3 డబ్బాలో ఉంటే డబ్బాలోంచి కూడా. చాలాసార్లు ముడి ఇక్కడే వీడుతుంది.

వీడకపోతే ఎక్స్-వింగ్ అనే కిటుకు చూడు. రెండో అడ్డువరుసలో 6కి చోటు మూడో, ఏడో నిలువు వరుసల్లోనే ఉంది, ఎనిమిదో అడ్డువరుసలోనూ అంతే అనుకో. ఒకచోట మూడోదాంట్లో పడితే రెండోచోట ఏడోదాంట్లో పడాలి. ఎటు తిరిగినా ఆ రెండు నిలువు వరుసల్లో 6 అయిపోయినట్టే, వాటిలో మిగతా గడుల్లోంచి 6 తీసేయొచ్చు. రోజూ కావలి నుంచి నెల్లూరికి రైల్లో పోతూ చూస్తే, ఇది నా బుర్రకెక్కడానికి వారం పట్టింది. బిట్రగుంట ఎప్పుడు దాటేదో కూడా తెలిసేది కాదు!

ఏ గడిలో ఏ అంకెలు పట్టొచ్చో దాని మూలల్లో పెన్సిల్‌తో చిన్నగా రాసుకోకపోతే ఇవేవీ కనపడవు. ఇచ్చిన అంకెలు తక్కువున్నాయని టెన్షన్ పడకు, 17 అంకెలే ఇచ్చినవి కూడా కొన్ని తేలిగ్గానే తెగుతాయి. ముందు ఆ 3, 8 కొట్టేసి ఎక్కడ ఆగిందో చెప్పు.