యూకే హై స్ట్రీట్‌లో తర్వాత మూతపడే షాపు ఏదో ముందే పసిగట్టగలమా?

మీరు అడిగింది ఇదీ: మాస్టర్స్ చదువుతూ ఒక పెద్ద చైన్ షాపులో పార్ట్ టైం ఉద్యోగం సంపాదించారు, ఆ కంపెనీ ఇవాళో రేపో మునుగుతుందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు, ఇక్కడ హై స్ట్రీట్‌లో, అంటే ఊరి మెయిన్ బజారులో, తర్వాత పోయే షాపులేవో ముందే తెలుస్తుందా అని. నేనూ చదువుకునే రోజుల్లో అలాంటి చైన్‌లోనే పనిచేశాను. అది మూతపడే దాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడు షాపులకు సరుకు పంపే ఒక హోల్‌సేల్ కంపెనీలో క్రెడిట్ కంట్రోల్ చూస్తున్నాను. ఎవరికి అరువు ఇవ్వొచ్చు, ఎవరి దగ్గర ముందే డబ్బు తీసుకోవాలి అని తేల్చే పని. రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఫలానా నెలలో ఫలానా షాపు పోతుందని ఎవరూ చెప్పలేరు. కానీ పోయే స్థితికి వచ్చిన షాపుని చాలావరకు గుర్తుపట్టొచ్చు. అందుకు షాపులో జనం ఎంతమంది ఉన్నారని చూసి లాభం లేదు. సరుకు ఎలా వస్తోందో చూడాలి. సరుకు ఇచ్చేవాళ్లు అరువు ఆపేస్తే ఎంత పెద్ద చైనైనా వారాల్లో కూలిపోతుంది. మన ఊళ్లో కిరాణా కొట్టుకి హోల్‌సేల్ వ్యాపారి ఖాతా ఆపేస్తే ఏమవుతుందో, ఇక్కడ నాలుగు వందల షాపుల చైన్‌కీ అదే అవుతుంది.

ఇక్కడి పద్ధతి ఎలా ఉంటుందంటే, సప్లయర్ సరుకు పంపి 30 రోజులకో 60 రోజులకో డబ్బు తీసుకుంటాడు. ఈలోగా షాపు మునిగితే తన డబ్బు పోతుంది కాబట్టి ఆ బాకీకి ఇన్సూరెన్స్ చేయించుకుంటాడు. అలియాంజ్ ట్రేడ్, అట్రాడియస్, కోఫాస్ లాంటి కంపెనీలు ఈ వ్యాపారంలో ఉన్నాయి. ఒక్కో షాపు కంపెనీకి ఇంతవరకే మా పూచీ అని ఇవి ఒక లిమిట్ పెడతాయి. లెక్కలు బాగోలేవని అనుమానం వస్తే లిమిట్ తగ్గిస్తాయి, ఇంకా అనుమానమైతే పూర్తిగా ఎత్తేస్తాయి. ఎత్తేశారని మెయిల్ వచ్చిందంటే మా ఆఫీసులో ఆ షాపు ఆర్డర్లన్నీ వెంటనే హోల్డ్‌లో పెడతాం. డబ్బు ముందు పడితేనే లారీ కదులుతుందని వాళ్లకి చెప్తాం. మాలాంటి సప్లయర్లంతా ఇంచుమించు అప్పుడే అదే మాట చెప్తారు. నిన్నటిదాకా సరుకు అమ్ముకున్నాక కట్టే డబ్బుని ఇప్పుడు సరుకు రాకముందే కట్టాలి. లాభాల్లో ఉన్నవాళ్లకే అది కష్టం, అంతంతమాత్రంగా నడిచేవాళ్లు చేతులెత్తేస్తారు.

వూల్‌వర్త్స్‌కి జరిగింది ఇదే. 2008లో ఇన్సూరెన్స్ కంపెనీలు పూచీ వెనక్కి తీసుకున్నాయి. నవంబరులో కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది (అంటే అప్పులు కట్టలేని కంపెనీని అడ్మినిస్ట్రేటర్లనే బయటి నిపుణుల చేతికి అప్పగించడం), 2009 జనవరి 6 నాటికి 800కు పైగా షాపులు మూతపడ్డాయి. సుమారు 27,000 మంది ఉద్యోగాలు పోయాయి. దాదాపు వందేళ్లుగా ప్రతి ఊరి మెయిన్ రోడ్డు మీదా ఉన్న షాపు అది. 2023 ఆగస్టులో ఇంటి సామాను అమ్మే విల్కో పడిపోయినప్పుడూ మొదట కనిపించినవి ఖాళీ షెల్ఫులే. 400 షాపులు, 12,000 మంది సిబ్బంది.

షెల్ఫుల సంగతి కొంచెం దగ్గర నుంచి చెప్తాను, ఎందుకంటే లోపల పనిచేసేవాళ్లకి అందరికంటే ముందు తెలిసేది ఇదే. మా షాపులో ఇంటి సామాను అమ్మేవాళ్లం. మొదట్లో లారీ తరచుగా వచ్చేది. వెనక స్టాక్‌రూమ్‌లో కేజ్‌లు, అంటే చక్రాలున్న ఇనుప బోనులు, మనిషి నడవడానికి దారి లేనంతగా నిండి ఉండేవి. తర్వాత లారీ రావడం తగ్గింది. వచ్చినా కేజ్‌లు సగం ఖాళీ. షెల్ఫులు బోసిగా కనిపించకూడదని మేనేజర్ మాతో ఉన్న సరుకునంతా అంచుకి లాగించి ఒకే వరసలో నిలబెట్టించేది. ఎదురుగా నిలబడి చూస్తే నిండుగానే ఉంటుంది, చెయ్యి పెడితే వెనక రేకు తగులుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌లో రెండు రకాలే మిగిలితే, ఆరు రకాలు ఉండాల్సిన చోటంతా ఆ రెండే పరిచేవాళ్లం. బ్లీచ్ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ పూలకుండీలు పెట్టించారు.

ఆ పూలకుండీలే నాకు ఇప్పటికీ కొలబద్ద. రోజూ అమ్ముడుపోయే వస్తువు రోజూ రావాలి, అది రావాలంటే సప్లయర్‌కి డబ్బు కట్టాలి. పూలకుండీలు ఎప్పుడో వచ్చి అమ్ముడుపోక మిగిలిపోయిన సరుకు. సబ్బు, బల్బు, బ్యాటరీ లాంటివి దొరక్కుండా, ఏడాదికోసారి కొనే వస్తువులు మాత్రం నిండుగా ఉన్నాయంటే ఆ కంపెనీకి సప్లయర్లతో గొడవ మొదలైందని నేను అనుకుంటాను. వారం వారం వచ్చే ఒక పెద్దావిడ అప్పట్లో మా దగ్గర బల్బులు దొరక్క ఎదురు షాపుకి అలవాటు పడింది. కస్టమర్లు తగ్గడం అలా, సరుకు తగ్గిన తర్వాత మొదలైంది. బయట పేపర్లలో మాత్రం జనం రావట్లేదు కాబట్టి షాపు పోయిందని రాశారు.

డిపార్ట్‌మెంట్ స్టోర్లలో గుర్తు వేరేలా ఉంటుంది. అక్కడ చాలా కౌంటర్లు ఆ స్టోర్‌వి కావు, వేరే బ్రాండ్లు చోటు తీసుకుని నడుపుకునేవి. బ్రాండ్ అమ్మిన డబ్బు ముందు స్టోర్ గల్లాలో పడుతుంది, తర్వాత వాళ్లకి లెక్క కడతారు. 2018 ఆగస్టులో హౌస్ ఆఫ్ ఫ్రేజర్ పడిపోయినప్పుడు ఇలాంటి బ్రాండ్ల డబ్బు చాలా ఇరుక్కుపోయింది. కాబట్టి పేరున్న మేకప్ కౌంటర్లు ఒక్కొక్కటిగా ఖాళీ చేస్తున్నాయంటే వాళ్లకి ఏదో తెలిసిందనుకోవచ్చు.

ఇక యజమాని ఎవరు, బిల్డింగ్ ఎవరిది అన్నది చూడాలి. డెబెనమ్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ చైన్ పోయింది ఆన్‌లైన్ వల్లేనని అందరూ అంటారు. ఆన్‌లైన్ దెబ్బ ఉంది, కాదనను. కానీ 2003లో ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు, అంటే కంపెనీలను కొని తర్వాత లాభానికి అమ్ముకునే పెట్టుబడి సంస్థలు, ఆ కంపెనీని కొని, 2005లో 23 షాపుల సొంత బిల్డింగులను బ్రిటిష్ ల్యాండ్ అనే ఆస్తుల కంపెనీకి 49.5 కోట్ల పౌండ్లకు అమ్మేశాయి. ఆ తర్వాత అవే బిల్డింగుల్లో దశాబ్దాల లీజు మీద అద్దె కట్టాల్సి వచ్చింది. అమ్మకాలు బాగున్నన్నాళ్లు ఆ భారం తెలియలేదు. 2018లో కంపెనీ చూపించిన నష్టం 49 కోట్ల పౌండ్లు పైనే. చిన్న షాపులోకి మారదామన్నా, కొన్ని వదిలేద్దామన్నా లీజులు కదలనివ్వలేదు. 2021లో ఆన్‌లైన్‌లో బట్టలమ్మే బూహూ ఆ పేరుని 5.5 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది, షాపులు మాత్రం ఒక్కటీ తీసుకోలేదు. 1778 నాటి చరిత్ర ఉన్న పేరది. విల్కో కూడా 2022లో వర్క్‌సప్‌లోని సొంత గోడౌన్‌ని డీహెచ్‌ఎల్‌కి అమ్మి, అదే గోడౌన్‌ని అద్దెకు తీసుకుంది. మరుసటి ఏడాదే ఏమైందో పైన చెప్పాను. ఒక చైన్ సొంత ఆస్తి అమ్మి అద్దెకు తీసుకుందన్న వార్త కనిపిస్తే ఆ డబ్బు ఎటు పోయిందో చదవండి. షాపులు బాగుచేయడానికి వెళ్తే మంచిదే. పాత అప్పులకో యజమానుల డివిడెండ్‌కో వెళ్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఒక పౌండుకి కంపెనీని అమ్మేశారన్న వార్తలు కూడా అలాంటివే. బీహెచ్‌ఎస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ చైన్‌ని 2015 మార్చిలో ఒక పౌండుకి అమ్మారు, 2016 ఏప్రిల్‌లో అడ్మినిస్ట్రేషన్, ఆగస్టు కల్లా చివరి షాపు మూత. 11,000 మంది ఉద్యోగులు, పెన్షన్ ఫండ్‌లో 57.1 కోట్ల పౌండ్ల లోటు. అలాగని ప్రతిసారీ ఏడాదిలో పోతుందనీ లేదు. ఇంటి రిపేర్లు, తోట సామాను అమ్మే హోమ్‌బేస్‌ని 2018లో ఒక పౌండుకే అమ్మారు, అది 2024 నవంబరు దాకా నిలబడింది.

ఎప్పుడు పడుతుందన్నదానికి కూడా ఒక క్యాలెండర్ ఉంది. ఇంగ్లండ్‌లో షాపుల అద్దె పాత ఆచారం ప్రకారం మూడు నెలలకోసారి ముందుగా కట్టాలి: మార్చి 25, జూన్ 24, సెప్టెంబర్ 29, డిసెంబర్ 25. క్రిస్మస్ రోజు అద్దె, ఆ వెంటనే క్రిస్మస్ సరుకు బిల్లులు, ఆ తర్వాత వ్యాట్. పండగ అమ్మకాలు అనుకున్నంత జరగకపోతే జనవరి గడవదు. 2013 జనవరిలో కెమెరాల జెసప్స్, మ్యూజిక్ సీడీల హెచ్‌ఎంవీ, వీడియోలు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ మూడూ ఎనిమిది రోజుల వ్యవధిలో పడిపోయాయి. టాయ్స్ ఆర్ అస్ 2018 ఫిబ్రవరి చివర్లో, 1.5 కోట్ల పౌండ్ల వ్యాట్ బిల్లు దగ్గర ఆగిపోయింది. జనవరి కంటే కూడా నాకు ఆగస్టు నుంచి నవంబరు వరకే ఎక్కువ భయం. పండగ సరుకు కొనిపెట్టుకోవడానికి ఏడాదిలో అందరికంటే ఎక్కువ అరువు కావాల్సిన నెలలవి. విల్కో, వూల్‌వర్త్స్, హౌస్ ఆఫ్ ఫ్రేజర్ మూడూ ఆ నెలల్లోనే పోయాయి.

మరి తర్వాత ఎవరు అంటే, ఒక్క పేరు మీద వేలు పెట్టను, అక్కడ పనిచేసేవాళ్ల కడుపు కొట్టే మాట అవుతుంది. నేను గమనిస్తున్న రకాలు మాత్రం చెప్తాను. మొదటిది మధ్యతరగతి ధరల బట్టల చైన్‌లు. చవక కావాలంటే ప్రైమార్క్ ఉంది, కొంచెం మంచివి కావాలంటే నెక్స్ట్ ఉంది, మధ్యలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడానికి కారణం తగ్గిపోతోంది. రివర్ ఐలాండ్ 2025లో కోర్టు అనుమతితో 33 షాపులు మూసే ప్లాన్ తెచ్చుకుంది. ఈ ప్రైమార్క్ ఇళ్లకి డెలివరీ చేయదు, అయినా కిక్కిరిసి ఉంటుంది. అందుకే అన్నీ ఆన్‌లైన్ ఖాతాలో వేసేస్తే నేను ఒప్పుకోను.

రెండోది, చవక వస్తువుల షాపులు. 2025 జూన్‌లో పౌండ్‌ల్యాండ్ కూడా ఒక పౌండుకే చేతులు మారింది. వాళ్ల మీద పడిన భారం మీలాంటి పార్ట్ టైం వాళ్లకి తెలియాలి. 2025 ఏప్రిల్ నుంచి సిబ్బంది జీతాల మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ అనే పన్ను 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది, ఏడాదికి ఎంత జీతం దాటితే అది పడుతుందో ఆ హద్దు 9,100 పౌండ్ల నుంచి 5,000కి తగ్గింది. ఇంతకుముందు వారానికి కొద్ది గంటలే పనిచేసే మనిషి మీద యజమానికి ఆ పన్నే పడేది కాదు. అలాంటి సిబ్బందితోనే నడిచే, ఒక్కో వస్తువు మీద పెన్నీలు మిగుల్చుకునే షాపుకి ఇది చాలా గట్టి దెబ్బ. మూడోది, పేరు కోల్పోయినవి. పుస్తకాలు, పేపర్లు, స్టేషనరీ అమ్మే డబ్ల్యూహెచ్ స్మిత్ 2025లో ఊళ్లలోని తన షాపులను మోడెల్లా క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకి అమ్మి, పేరు మాత్రం ఎయిర్‌పోర్టు, రైల్వే స్టేషన్ షాపులకు ఉంచుకుంది. ఊళ్లలోవి టీజీ జోన్స్ అయ్యాయి. వాటిలో చాలా చోట్ల పోస్టాఫీసు ఉంది, అవి నిలబడాలని మనసారా కోరుకుంటున్నాను. పెద్దవాళ్లకి అదొక ఆసరా.

ఇప్పుడు మీ ఉద్యోగం. చేరండి. మునిగే కంపెనీ అయినా మీరు చేసిన గంటలకి డబ్బు వచ్చే దారి ఉంది. కంపెనీలను రిజిస్టర్ చేసే ప్రభుత్వ ఆఫీసు కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో మీ కంపెనీ పేరు కొట్టి చూడండి, ఉచితం. లెక్కలు ఆలస్యంగా ఇస్తున్నారా, ఆడిటర్ మధ్యలో తప్పుకున్నాడా, ఈమధ్య ఆస్తుల మీద కొత్త తాకట్టు రిజిస్టర్ అయిందా, ఈ మూడూ చూస్తే చాలు. ఆ షాపు గిఫ్ట్ కార్డులు కొని దాచుకోకండి. అడ్మినిస్ట్రేషన్ మొదలైతే కార్డు ఉన్నవాళ్లు అప్పులవాళ్ల వరసలో చివరన నిలబడాలి. 2013లో హెచ్‌ఎంవీ మొదట కార్డులు తీసుకోనంది, గొడవయ్యాక మళ్లీ ఒప్పుకుంది.

పేస్లిప్పులు, రోటా (డ్యూటీ టైంటేబుల్) ఫోటోలు, కాంట్రాక్టు మీ సొంత మెయిల్‌కి పంపి పెట్టుకోండి. కంపెనీ మెయిల్ ఒక్క రోజులో ఆగిపోవచ్చు, మా దగ్గర ఆగిపోయింది. అడ్మినిస్ట్రేటర్లు వచ్చి మిమ్మల్ని తీసేస్తే ఒక సీఎన్ నంబరు ఇస్తారు. దానితో రిడండెన్సీ పేమెంట్స్ సర్వీస్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే, రావాల్సిన జీతం 8 వారాల దాకా, వాడుకోని సెలవుల డబ్బు 6 వారాల దాకా ప్రభుత్వ నిధి నుంచి ఇస్తారు, వారానికి ఇంత అని పరిమితి ఉంటుంది. ఉద్యోగంలో చేరి రెండేళ్లు నిండకపోతే రిడండెన్సీ పే, అంటే ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే పరిహారం, రాదు, పై రెండింటికీ ఆ షరతు లేదు. వీలైతే యూనియన్‌లో చేరండి, షాపు ఉద్యోగులకి ఉస్డా ఉంది. వూల్‌వర్త్స్ సిబ్బందిని సంప్రదించకుండా తీసేసినందుకు పరిహారం ఇప్పించింది ఆ యూనియనే. 20 మంది కంటే తక్కువున్న షాపుల్లో పనిచేసినవాళ్లకి మాత్రం రాలేదు, వాళ్ల కోసం యూరప్ కోర్టు దాకా వెళ్లి 2015లో ఓడిపోయింది. అది అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. మీ షాపులో ఎంతమంది ఉన్నారో, ఆ చైన్ సరుకు ఎలా వస్తోందో కామెంట్‌లో రాయండి. మా ఆఫీసు సంగతులు బయటపెట్టలేను గానీ, బయట దొరికే లెక్కలు చూసి నాకు అర్థమైనంత చెప్తాను.