ఏఏఏఏ రికార్డు చేర్చాక సైటు కొందరికే తెరుచుకుంటే

సర్వర్‌కు ఐపీవీ6 (ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి; పాతది ఐపీవీ4) చిరునామా ఇచ్చి, సైటు పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌లో ఆ చిరునామాను తెలిపే ఏఏఏఏ రికార్డు చేర్చినప్పటి నుంచి సైటు కొందరికి తెరుచుకుంటోందనీ, మరికొందరికి ఖాళీ తెర దగ్గరే ఆగిపోతోందనీ, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే భద్రతా సర్టిఫికెట్ కూడా రెన్యూ కావడం లేదనీ మీరు రాశారు. ఈ రెండు సమస్యలకూ కారణాలు వేరై ఉండవచ్చు. ముందు ఏఏఏఏ రికార్డును తీసివేయండి. పాత రికార్డు గడువు తీరగానే అందరూ ఐపీవీ4 మీదుగానే వస్తారు కనుక, మీరు తీరిగ్గా వెతుక్కోవచ్చు.

సర్టిఫికెట్ సంగతి తేలిక. వెబ్ సర్వర్ ప్రోగ్రామైన ఎన్జిన్‌ఎక్స్‌లో, ఏ పోర్టు మీద వినాలో చెప్పే లిజెన్ వరుసలో 80 అని మాత్రమే ఉంటే అది ఐపీవీ4కే వర్తిస్తుంది. ఐపీవీ6 కోసం [::]:80, [::]:443 అని ప్రతి సైటు సర్వర్ బ్లాకులోనూ విడిగా రాయాలి. ఒక్క బ్లాకులోనే రాస్తే, ఐపీవీ6 మీదుగా ఏ సైటు అడిగినా ఆ బ్లాకు పేజీయే వెళుతుంది. ఏఏఏఏ రికార్డు ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందుగా ఐపీవీ6 మీదే తనిఖీ చేస్తుంది. కనెక్షన్ టైమౌట్ అయితే ఐపీవీ4ను ప్రయత్నిస్తుంది గానీ, కనెక్షన్ కుదిరి తప్పు జవాబు వస్తే ప్రయత్నించదు; రెన్యూ అక్కడే ఆగిపోతుంది.

ఖాళీ తెర అసలు చిక్కు. నేను నిర్వహణకు తీసుకున్న ఒక సర్వర్‌లోనూ ఇదే జరిగేది. టన్నెల్ మీదుగా వచ్చే లైను (ప్యాకెట్లను మరో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి కనుక అందులో 1500 బైట్ల ప్యాకెట్ పట్టదు) నుంచి, పేజీలను కమాండ్ ద్వారా తెచ్చే కర్ల్‌ను ఐపీవీ6నే వాడమనే -6 ఆప్షన్‌తో నడిపితే వెంటనే కనెక్ట్ అయ్యేది. ఆ తరువాత టీఎల్ఎస్ (గుప్తీకరించిన సంభాషణ) మొదలయ్యే చోట, సర్టిఫికెట్ రావలసిన సమయంలో, కదలిక ఉండేది కాదు. సర్వర్‌లో వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టి చూస్తే 1500 బైట్ల ప్యాకెట్ ఒకటే మళ్లీ మళ్లీ, అంతకంతకూ పెరిగే విరామాలతో, బయటికి వెళుతూ కనిపించింది. ఐపీవీ6లో దారిలోని రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పట్టకపోతే పారేసి, 'ప్యాకెట్ టూ బిగ్' అనే ఐసీఎంపీవీ6 (నెట్‌వర్క్ లోపాలను తెలిపే సందేశాల పద్ధతి) సందేశాన్ని పంపినవారికి తిప్పి పంపుతాయి. సర్వర్ ముందున్న ఫైర్‌వాల్ ఐసీఎంపీవీ6ను మొత్తంగా అడ్డుకోవడంతో ఆ సందేశం సర్వర్‌కు చేరేది కాదు. బ్రౌజర్ల హ్యాపీ ఐబాల్స్ పద్ధతి కూడా ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే అది ఐపీవీ4, ఐపీవీ6లలో ఏది ముందు కనెక్ట్ అవుతుందో చూసేంతవరకే పనిచేస్తుంది. ఇక్కడ కనెక్షన్ కుదిరిన తరువాతే కదా ఆగేది.

కాబట్టి ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 టైప్ 2ను, అంటే ఆ 'ప్యాకెట్ టూ బిగ్' సందేశాన్ని, తప్పనిసరిగా అనుమతించండి; మిగిలినవాటిలో వేటిని లోపలికి వదలాలో 2007 నాటి ఆర్ఎఫ్‌సీ 4890 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వివరంగా చెబుతుంది. ఐసీఎంపీని పూర్తిగా మూసేయడమే భద్రత అనే అలవాటు ఐపీవీ4లోనే అంత మంచిది కాదు, ఐపీవీ6లో అది సైటునే మూస్తుంది. ఆ ఫైర్‌వాల్ మీ చేతిలో లేకపోతే, సర్వర్‌లో ఐపీవీ6 ఎంటీయూను (ఒక ప్యాకెట్‌కు గరిష్ఠ పరిమాణం) 1280 బైట్లకు తగ్గించండి. ప్రతి ఐపీవీ6 లింకూ కనీసం అంత మోయాలన్నది నియమం.

రికార్డును తిరిగి చేర్చేటప్పుడు ముందుగా ఒక పరీక్షా సబ్‌డొమైన్‌కు, 300 సెకన్ల టీటీఎల్‌తో (రికార్డు గడువుతో) పెట్టి, వేర్వేరు నెట్‌వర్కుల నుంచి పెద్ద పేజీలు తెరిచి చూడండి. అలాగే రేట్ లిమిట్ (ఒకరు ఎన్నిసార్లు అడగవచ్చన్న పరిమితి) ఉంటే దానిని ఒక్కొక్క చిరునామాకు కాక /64కు, అంటే మొదటి 64 బిట్లు ఒకటే అయిన చిరునామాల గుంపుకు, వర్తించేలా మార్చండి, లేకపోతే ఒకే వినియోగదారుడు చిరునామాలు మారుస్తూ దానిని సులువుగా దాటిపోగలడు.