పదునైన సమీక్ష, పరుషమైన మాట

ప్రశ్న: మేము ఎనిమిది మందిమి కలిసి ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్పులు పంపగల సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాం. మాలో అందరికంటే సమర్థుడైన మెయింటైనర్ (వచ్చిన మార్పులను పరిశీలించి చేర్చే బాధ్యుడు) ఎంత చిక్కు బగ్‌నైనా చూడగానే పట్టేస్తారు. కానీ కొత్తవారు పంపిన ప్యాచ్‌లో, అంటే కోడ్ మార్పులో, తప్పు కనిపిస్తే, “నీకు ప్రోగ్రామింగ్ నేర్పిందెవరు?” అని అందరి ముందూ రాస్తారు. ఈ ఏడాది ఇద్దరు మానేశారు. ఆయన్ను మర్యాదగా రాయమంటే కోడ్ నాణ్యత పడిపోతుందని మాలో కొందరి భయం. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ భయం ఎంతవరకు నిజమో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామైన లినక్స్ కెర్నల్ అనుభవంలో చూడవచ్చు. 1991లో ఆ ప్రాజెక్టును మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ సమీక్షలకు ఎంత పేరుందో, ఆయన దురుసుతనానికీ అంతే పేరుండేది. యూఎస్‌బీ 3.0 డ్రైవర్ రాసిన డెవలపర్ తాను కెర్నల్ పని మానుకోవడానికి అక్కడి మాటతీరే కారణమని 2015 అక్టోబర్‌లో బహిరంగంగా రాశారు. 2018 సెప్టెంబర్ 16న టోర్వాల్డ్స్ తన ఈమెయిళ్ళలోని వ్యక్తిగత దాడులకు క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నారు. అప్పుడే ప్రవర్తనా నియమావళి కూడా అమల్లోకి వచ్చింది. పని మాత్రం ఆగలేదు. మరో మెయింటైనర్ గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ బాధ్యత తీసుకోగా 4.19 వెర్షన్ అక్టోబర్ 22న విడుదలైంది, టోర్వాల్డ్స్ తిరిగి వచ్చారు, నాసిరకం ప్యాచ్‌లను తిరస్కరించడం నేటికీ మానలేదు.

మర్యాద అంటే చెడ్డ కోడ్‌ను ఒప్పుకోవడమని మీవాళ్ళు అనుకుంటున్నట్టున్నారు. “ఈ ఫంక్షన్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు లాక్ వదలకుండానే వెనక్కి వెళ్ళే దారి ఒకటి ఉంది, అందుకే ఈ ప్యాచ్ తీసుకోలేను” అన్న వాక్యంలో ఏ మెత్తదనమూ లేదు. అయినా రాసినవారికి తప్పెక్కడుందో తెలుస్తుంది, చదివిన పదిమందికీ పాఠమవుతుంది. “నేర్పిందెవరు?” అన్న ప్రశ్నలో సాంకేతిక సమాచారం ఒక్క ముక్క కూడా లేదు. కాబట్టి దాన్ని తీసేసినంత మాత్రాన సమీక్ష పదును తగ్గదు.

నన్ను ఇంకా కలచివేసిన ఉదంతం ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా చూసుకుంటున్న మెయింటైనర్ తన మానసిక ఆరోగ్యం బాగాలేదని చెప్పినా, 2022లో కొందరు ఆలస్యం చేస్తున్నారంటూ నిష్ఠూరాలాడి, బాధ్యత ఇంకొకరికి అప్పగించమని ఒత్తిడి పెట్టారు. అలా లోపలికి వచ్చిన కొత్త మెయింటైనర్ పేరుతోనే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బయటివారు కంప్యూటర్‌లోకి రహస్యంగా చొరబడే మార్గం) చేరింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కు అర సెకను అదనంగా పడుతోందేమిటని ఆరా తీసి దాన్ని పట్టుకున్నారు. మెయింటైనర్‌తో ఎలా మాట్లాడుతున్నామన్నది భద్రతకు సంబంధించిన విషయం కూడా.

అందుకే మీ సహచరుడిని దోషిగా నిలబెట్టకండి. ముందు ఆయనతో ఏకాంతంగా మాట్లాడి, వారానికి ఎన్ని ప్యాచ్‌లు ఒక్కరే చూస్తున్నారో అడగండి. చాలాసార్లు విసుగు వెనుక అలసట ఉంటుంది. కొత్తవారి మొదటి ప్యాచ్‌లను మిగతా ఏడుగురూ వంతులవారీగా చూడండి. సమీక్షలో కోడ్ గురించే రాయాలని, మనిషి గురించి రాయకూడదని ఒక నియమం రాసుకుని, ఫిర్యాదు వస్తే వినాల్సిన ఇద్దరి పేర్లు కూడా అందులోనే చేర్చండి. మానేసిన ఇద్దరికీ ప్రాజెక్టు తరఫున క్షమాపణ ఉత్తరం ఈ వారమే పంపండి.