‘అంతరించారు’ అని రాసేముందు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

డీఎన్ఏతో పూర్వీకుల జాడ తీయడం మీద బెంగళూరు నుంచి నువ్వు పంపిన ప్రాజెక్టు రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే, కరీబియన్ దీవి ప్యూర్టో రికో ఆదివాసుల గురించి, ‘ప్యూర్టో రికోలో టైనోలు పూర్తిగా అంతరించారు’ అని రాశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్యి తల్లీ. బడిలో జీవశాస్త్రం చెప్పిన రోజుల్లో నేనూ పిల్లలకి అదే చెప్పాను. ఆ బాధ ఇంకా ఉంది.

వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది, మన ఇంటిపేరులాగే. కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి నుంచి వస్తుంది. మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి పేరు మనలో ఎవరికీ గుర్తులేదు, కానీ ఆవిడ ఆనవాలు నీ ఒంట్లో ఉంది. ప్యూర్టో రికోలో సుమారు 61 శాతం మందికి తల్లి వరస అక్కడి ఆదివాసులదే. తండ్రి వరసలో మాత్రం వాళ్ళ జాడ దాదాపు లేదు, ఎక్కువ భాగం ఐరోపాది. 1508లో స్పెయిన్ వాళ్ళు అక్కడ కాపురం పెట్టాక టైనోలు బంగారు గనుల్లో వెట్టికీ, కొత్త రోగాలకీ రాలిపోయారు. మిగిలిన ఆడవాళ్ళ బిడ్డలు స్పెయిన్ ఇంటిపేర్లతో పెరిగారు. ఆ తేడా వెనక ఎంత బలవంతం ఉందో తప్పకుండా రాయి. రాయకపోతే చదివేవాళ్ళకి అదేదో పెళ్ళిళ్ళ లెక్కలా కనిపిస్తుంది.

61 అంటే ఒంట్లో 61 శాతం అని కాదు. పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 మంది పెద్దల స్థానాలుంటాయి, తల్లి వరస అందులో ఒక్కావిడది. మొత్తం జన్యువులు చూస్తే ఆదివాసుల వాటా సుమారు 15 శాతమే. రెండంకెలూ పక్కపక్కనే వెయ్యి.

బహామాస్‌లోని ఎలూథెరా దీవి గుహలో దొరికిన వెయ్యేళ్ళ నాటి స్త్రీ పన్ను గురించి కూడా చేర్చు. దాని జన్యుపటం 2018లో వెలువడింది. ఈనాటి ప్యూర్టో రికో వాళ్ళతో ఆవిడకి చుట్టరికం తేలింది. అది చదివిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి.

మారిషస్‌ని ఇదే మూసలో పొయ్యకు. 1638లో డచ్చివాళ్ళు స్థిరపడేసరికి అక్కడ మనుషులే లేరు. 1834 నుంచి వెళ్ళిన ఒప్పంద కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మునిమనవలకి డీఎన్ఏ పరీక్ష దక్షిణ భారతం అని చెబుతుందేమో గానీ ఊరి పేరు చెప్పదు. ఊరు కావాలంటే కాగితాలు తిరగెయ్యాల్సిందే. అక్కడి నమోదు పుస్తకాలు మారిషస్‌లోనే మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

ఇక్కడి దస్త్రాలకి మన ఎగ్మోరు ఆర్కైవ్స్ ఉంది. దసరా సెలవులకి రా, ఇద్దరం వెళ్దాం. కాలేజీ నుంచి ఉత్తరం ఒకటి తెచ్చుకో.

పెదనాన్న